ఈసీజీ గదిలో అల్లం టీ

ఆ గది ఇప్పటికీ నా కలలోకి వస్తూ ఉంటుంది. పొడవాటి గది, పడమటి వైపు రెండు కిటికీలు, వాటికి రైల్వే వారి ఆకుపచ్చ తెరలు. మధ్యాహ్నపు ఎండ ఆ తెరల్లోంచి దిగితే, గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు పచ్చగా, మసకగా ఉండేది. మధ్యలో మంచం, పక్కన చక్రాల బల్ల మీద యంత్రం. దూరంగా యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి తాకుతున్న చప్పుడు. కలలో మంచం మీద ఎప్పుడూ ఎవరో పడుకుని ఉంటారు, ముఖం కనిపించదు. యంత్రంలోంచి గీతల కాగితం వస్తూనే ఉంటుంది. నేల మీద కుప్పపడి, తలుపు దాటి, వరండా దాటి, స్టేషను వైపు వెళ్ళిపోతుంది. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైనదని మీకు తెలిసిందే. కలలో నా కాగితం దానికన్నా పొడుగు. దాన్ని ఆపవలసినవాణ్ణి నేనే. కానీ నేను మూలన నిలబడి టీ కాస్తూ ఉంటాను.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మెలకువ వచ్చేస్తుంది.

ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపించి, మీ సర్వీసులో ఏం సాధించారండీ అని అడుగుతున్నారు. సాధించినవి చెప్పుకోవడానికి రిటైరైనవాళ్ళు మన ఊళ్ళో వీధికి నలుగురున్నారు. నేను కొంచెంలో చెడగొట్టబోయిన ఒక సంగతి చెబుతాను. దీనివల్ల మీకు ఉపయోగం ఎక్కువ.

నేను రైల్వే ఆసుపత్రిలో ఈసీజీ తీసేవాణ్ణి. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ట్రాఫిక్ కాలనీలో స్థిరపడ్డాడు. ఇనుము కొట్టే ఇంట్లో పుట్టి నేను గుండెలు గీసే పనిలో పడ్డాను. పని పెద్ద కష్టం కాదు. మనిషిని పడుకోబెట్టి, కాళ్ళకూ చేతులకూ పట్టీలు బిగించి, ఛాతీకి జిగురు రాసి రబ్బరు గిన్నెలు అంటించి, మీట నొక్కితే, వేడి సూది మైనపు కాగితం మీద గీత గీసుకుంటూ పోతుంది. కాస్త కాలిన మైనం వాసన వస్తుంది. ఆ వాసన నాకిష్టం. ఊళ్ళో వాళ్ళు నన్ను ‘ఈసీజీ బాబు’ అనేవారు. డాక్టరుకి ఉండే గౌరవం కాకపోయినా, దానికి రెండు మెట్లు కిందది నాకూ ఉండేది, దాన్ని నేను బాగానే అనుభవించాను.

మంచం మీద పడుకున్నవాళ్ళకి భయం. వాళ్ళలో సగానికి పైగా మన తెలుగువాళ్ళే, లోకో షెడ్డు, వర్క్‌షాపు, ట్రాఫిక్ కాలనీ, పూరీ గేట్ పేటల మనుషులు. గుండె బొమ్మ తీస్తారంటే, అందులో తమ రహస్యాలన్నీ పడిపోతాయన్నంత బెదురుగా వచ్చేవారు. భయంతో గుండె కొట్టుకుంటే గీత సరిగ్గా రాదు. అందుకని నేనొక ఆచారం పెట్టాను. గది మూలన బీరువా వెనకాల ఒక కాయిల్ హీటరు, దాని మీద మసిబారిన గిన్నె. అందులో ఆకు దండిగా వేసి, అల్లం దంచి, పాలు చిక్కగా పోసి, ముద్దయ్యేదాకా మరిగించేవాణ్ణి. పొద్దున్న మరిగించింది మధ్యాహ్నం దాకా మళ్ళీ మళ్ళీ వేడెక్కేది. మనవాడెవడొచ్చినా ముందు ఒక గ్లాసు. తరవాత మా ఇంటి నుంచి తెచ్చిన జర్దా కిళ్ళీ. అరగంట కబుర్లు. ఆ తరవాతే మంచం. హీటరు ఆసుపత్రిలో నిషేధం, కిళ్ళీ మరీ నిషేధం. సిస్టరమ్మ ఒక్కావిడకే ఈ సంగతి తెలుసు. ఆవిడది కోస్తా నుంచి తాతల నాడు వచ్చిన క్రైస్తవ కుటుంబం. పురుషుల వార్డు ఆవిడ చేతిలో ఉండేది, ఎవరి తప్పునైనా ఒక్క చూపుతో కొలవగలదు. నా టీ వాసన వస్తే ముక్కు పుటాలు విప్పి, “అన్నా, నీ గదిలోకి గుండె చూపించుకుందుకి వస్తన్నారో, టీకి వస్తన్నారో నాకు తెల్దు,” అనేది. దాన్ని నేను పొగడ్త కిందే తీసుకున్నాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగకుండా పెట్టేవాణ్ణి. నాకన్నా మంచివాడు ఊళ్ళో లేడని నా నమ్మకం.

ఎనభైల నడిమి మాట. ఒక వర్షాకాలం చివర గూడ్సు డ్రైవరు ఒకాయన నా గదికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, ఎండిన కంది కంపలా ఉండేవాడు. మా నాన్నగారి ఊరికి నాలుగు కోసుల దూరంలో వాళ్ళ ఊరు. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి ఒళ్ళంతా పరీక్ష చేయించి ‘ఫిట్’ అని రాయించుకోవాలి. నలభై దాటినవాళ్ళకి మా డాక్టరమ్మ ఈసీజీ కూడా రాసేది. పొద్దున్నే పరగడుపున రమ్మంటారు, రక్తం తీస్తారు కనుక. రక్తం ఇచ్చేసి, ఖాళీ కడుపుతో ఆయన నా గదిలో బల్ల మీద కూర్చున్నాడు. నేను టీ పోసి ఇచ్చాను. ఆయన గ్లాసు రెండు చేతులా పట్టుకుని కాసేపు దానిలోకే చూశాడు. తరవాత మూడు గుక్కల్లో తాగేశాడు. చేదు మందు తాగినట్టు తాగాడని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు, పాపం ఎంత ఆకలిగా ఉన్నాడో అనుకుని ఇంకో అరగ్లాసు పోశాను. కిళ్ళీ చేతిలో పెట్టాను.

ఆయన మాటకారి కాదు. కానీ ఇంజను సంగతి ఎత్తితే గొంతు మారేది. తెల్లవారేటప్పుడు సువర్ణరేఖ వంతెన మీదకి బండి ఎక్కితే, కింద నీళ్ళు కనపడవట. పొగమంచు ఒక్కటే. వెనకాల అన్ని వ్యాగన్లు ఉన్నా, ఆ కాసేపు తానొక్కడే గాలిలో నడుస్తున్నట్టు ఉంటుందట. ఝార్‌గ్రాం అడవుల్లో మోదుగు పూసినప్పుడు పట్టాలకి రెండు పక్కలా నిప్పంటుకున్నట్టు ఉంటుందట. ఆయన చెబుతుంటే నా ఆకుపచ్చ గది కూడా మెల్లగా కదులుతున్నట్టు అనిపించింది. కబుర్లలో అరగంట దాటిపోయింది. మంచం మీద పడుకోబెట్టి మీట నొక్కాను.

గీత నాలుగు అడుగులు బుద్ధిగా నడిచి, ఐదో అడుగు ముందుగానే వేసి, పెద్దగా ఎగిరి పడింది. తరవాత ఒక ఖాళీ. మళ్ళీ నడక. మళ్ళీ తొందరపాటు. ఇలా కాగితం నిండా.

గుండె ఏమనిపిస్తోందని అడిగాను. ఆయన కప్పు వైపు చూస్తూ, “సేప ఎగిరినట్టుంది బాబూ, ఇక్కడ,” అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. మా వాళ్ళ రోగాలు చూసి చూసి మా యాస తెలుగే నేర్చుకుంది. కాగితం చూసి పెదవి విరిచింది. అప్పటికి అన్‌ఫిట్ అని రాసి, రెండు వారాలు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ రమ్మంది. రెండు వారాల తరవాత వచ్చాడు. ఆవిడ ముందు తన గదిలో స్టెతస్కోపు పెట్టి విన్నది, ఏమీ లేదు. నా గదికి పంపించింది. టీ ఇచ్చాను, కిళ్ళీ ఇచ్చాను, ధైర్యం చెప్పాను. గీత మళ్ళీ గంతులేసింది.

డ్రైవరు గుండె అలా ఉంటే మామూలు సంగతి కాదు. బండి నడుస్తుండగా కళ్ళు తిరిగితే పోయేది ఆయనొక్కడి ప్రాణం కాదు. అందుకని మూడోసారి డాక్టర్ల బోర్డు ముందు పెడతామన్నారు. ఆ బోర్డు కాదంటే ఆయన ఇక జీవితంలో ఇంజను ఎక్కడు. ఏ ఆఫీసులోనో ఫైళ్ళు అందించే పని ఇస్తారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ఏడవలేదు, అరవలేదు. మంచం అంచున కూర్చుని, జిగురు తుడుచుకుంటూ, “ఇంజిను దిగిపోతే నానేటి బాబూ?” అన్నాడు. నేను ఇంకో గ్లాసు టీ పోశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బోర్డుకి ముందు ఆయన్ని మూడు రోజులు వార్డులో పెట్టి చూడమన్నారు. ఆ వారమే నేను పలాసలో మేనకోడలి పెళ్ళికి సెలవు మీద వెళ్ళాను. నా బదులు వేరే ఆసుపత్రి నుంచి ఒక బెంగాలీ ఆయన వచ్చాడు, అందరూ దాదా, అంటే అన్నా, అని పిలిచేవారు. నెమ్మదిగల మనిషి, మాట తక్కువ, ముక్కు మీద కళ్ళజోడు. ఆయన రోజుకి రెండుసార్లు డ్రైవరుకి ఈసీజీ తీశాడు. ఆరు కాగితాలు. ఆరూ గీసిన గీత గీసినట్టే, ఒక్క తప్పటడుగు లేదు.

నేను తిరిగొచ్చి ఆ ఆరింటినీ చూశాను. ఇప్పుడు నా తెలివి చూడండి. నాకు సంతోషం కలగవలసింది పోయి, రోషం వచ్చింది. నేను తీస్తే తప్పుగా వచ్చింది, వాడు తీస్తే ఒప్పుగా వచ్చిందా? డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, దాదా పట్టీలు వదులుగా కట్టి ఉంటాడనీ, కాగితం తొందరగా ఆపేసి ఉంటాడనీ, నాకు అనుమానంగా ఉందనీ చెప్పాను. తోటి ఉద్యోగి మీద, అతను ఎదురుగా లేనప్పుడు. ఆవిడ అంతా విని, అద్దాలు తీసి తుడుచుకుంటూ అంది.

“ఏటి బాబూ, ఈ మనిషి గుండె ఒక్క నీ గదిలోనే తప్పు కొడతాదేటి?”

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, ఆ మాట నాకు ఎక్కడా తగల్లేదు.

బోర్డు సోమవారం. ఆదివారం మధ్యాహ్నం మనసు ఆగక, ట్రాఫిక్ కాలనీలో ఆయన క్వార్టరుకి నడిచి వెళ్ళాను. వాన వెలిసి రోడ్డు ఆవిరి కక్కుతోంది. ఇళ్ళ ముందు తీగల మీద రైల్వే యూనిఫారాలు ఆరుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఆ కాలనీ మగతగా ఉంటుంది. ఏ కిటికీలోంచో రేడియో, ఏ పెరట్లోంచో ఎండుచేపల వేపుడు వాసన. నేను నడుస్తున్నానో, ఎవరో నన్ను మెల్లగా మోసుకెళ్తున్నారో తెలియనట్టుంది. ఆయన వరండాలో చాప మీద కూర్చుని డ్యూటీకి మోసుకెళ్ళే తన డ్రైవరు పెట్టెకి రంగు వేస్తున్నాడు. ఇక మోయననుకున్న పెట్టెకి కొత్త రంగు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

ఆయన ఇల్లాలు కుర్చీ వేసింది. మనిషి ఇంటికొచ్చినప్పుడు ఏమీ పుచ్చుకోకపోతే బాగుండదని, నేనే చనువుగా, కాస్త టీ పెట్టమ్మా అన్నాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మొగుడి వంక చూసింది. తరవాత చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ సిగ్గుపడిపోయింది.

“మా ఇంట్లో టీ ఆకు నేదు బాబూ. ఎప్పుడూ తేనేదు. ఈయన ముట్టడు. పక్కింటి దీదీని అడిగి అట్టుకొస్తాను, కూకోండి.”

వద్దన్నాను. ముట్టడా అని అడిగాను. చిన్నప్పటి నుంచీ అంబలేనట. డ్యూటీకి వెళ్ళినా స్టీలు క్యానులో రాగంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. తోటి డ్రైవర్లు స్టేషను స్టేషనుకీ చిన్న మట్టి ముంతల్లో టీ తాగుతుంటే ఈయన అంబలి తాగుతాడనీ, షెడ్డులో అందరూ ఎగతాళి చేస్తారనీ ఆవిడ చెబుతోంది. కుర్రతనంలో ఒకసారి టీ తాగితే ఒళ్ళంతా వణికి, గుండె దడదడలాడి, మళ్ళీ దాని జోలికి పోలేదట. జర్దా అయితే వాసన కూడా పడదట.

ఆ మాటలు వింటుంటే నా చుట్టూ ఉన్న మధ్యాహ్నం చప్పుడు లేకుండా ఆగిపోయింది. రేడియో ఆగింది, వేపుడు వాసన ఆగింది. రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ నేనే పోశాను. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను ఆయన గుండెలో వెతికింది నా హీటరు మీద మరుగుతోంది.

“మరి నా దగ్గర ఎందుకు తాగినావయ్యా?” అన్నాను.

ఆయన కుంచె పక్కన పెట్టి, తల వంచుకుని అన్నాడు. “మన ఊరోళ్ళు మీరు. పెట్టింది కాదంటే బాగుంటాదేటి బాబూ? మీరు మనసు కట్టపెట్టుకుంటే గీత బాగా తియ్యరేమో అని భయమేసినాది.”

మనసు కష్టపెట్టుకుంటాననుకున్నాడట. నిజం చెప్పాలంటే, కాదంటే కష్టపెట్టుకునేవాణ్ణే. ఆయన నన్ను సరిగ్గానే అంచనా వేశాడు.

ఇంటికి నడుస్తూ దారి పొడుగునా నాతో నేనే బేరాలాడుకున్నాను. రేపు టీ ఇవ్వకుండా ఈసీజీ తీసేస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. ఆయన పాసవుతాడు, నా హీటరు బతుకుతుంది. కానీ ముందటి రెండు కాగితాలూ ఫైల్లోనే ఉన్నాయి. బాగున్నవి ఆరు, బాగులేనివి రెండు ఉంటే, బోర్డు బాగులేనివే చూస్తుంది. డ్రైవరు విషయంలో అలాగే చూడాలి కూడా. ఆ గంతులు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. నిషేధించిన హీటరు, నిషేధించిన కిళ్ళీ, పైగా దాదా మీద వేసిన నింద. చార్జిషీటుకి ఇంతకన్నా ఏం కావాలి? నాకు భయం వేసింది. ఇంజను దిగిపోతే నేనేమిటి అని ఆయన అడిగాడు కదా, ఈ గదిలోంచి దిగిపోతే నేనేమిటి అని నన్ను నేనే అడిగాను.

సోమవారం పొద్దున్న బోర్డు కూర్చోకముందే డాక్టరమ్మ గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ లేచి, నా వెంట ఈసీజీ గదికి వచ్చి, బీరువా వెనక్కి వంగి చూసింది. మసి గిన్నె, దంచిన అల్లం, కిళ్ళీల పొట్లం. సిస్టరమ్మ కూడా గుమ్మంలో వచ్చి నిలబడింది. నా మొహంలోకి చూడకుండా కిటికీ తెర సర్దింది. అదే ఆవిడ దయ.

డాక్టరమ్మ డ్రైవరుని పిలిపించింది. ముందు ఏమీ ఇవ్వకుండా తీయించింది. కాగితం మీద గీత నిదానంగా, గూడ్సు బండి సమతలం మీద వెళ్ళినట్టు వెళ్ళింది. ఐదు నిమిషాలు ఆపనివ్వలేదు. ఒక్క గంతూ లేదు. తరవాత నా వైపు తిరిగి, ఇప్పుడు రోజూ చేసినట్టే చెయ్యమంది. పక్కనే తానుంటుందనీ, ఏం భయం లేదనీ డ్రైవరుకి చెప్పింది. హీటరు వేశాను. నా టీ నాకే అంత ముదురుగా ఎప్పుడూ కనిపించలేదు. గ్లాసు అందించాను. ఆయన అందుకుని, ఈసారి నన్ను అడిగాడు, తాగమంటారా బాబూ అని. నేను తల ఊపాను. తాగాడు. కిళ్ళీ నమిలాడు. ఆవిడ గోడ గడియారం చూస్తూ కూర్చుంది. బయట షంటింగు ఇంజను అటు వెళ్ళి ఇటు వచ్చింది.

అరగంటకి, పట్టీలు కట్టి ఉన్న మనిషి, “అదిగో బాబూ, సేప,” అన్నాడు. ఆ క్షణంలోనే సూది ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. జీవితంలో మొదటిసారి చెడ్డ గీత చూసి నా కళ్ళలో సంతోషంతో నీళ్ళు తిరిగాయి.

డాక్టరమ్మ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి అతికించి, కింద ఏదో రాసింది. బోర్డు వాయిదా వేయించింది. టీ దొరికింది కదా అని అంతటితో వదిలే మనిషి కాదావిడ. పెద్దాసుపత్రికి పంపి గుండెకి ఇంకేమీ లేదని అక్కడి వాళ్ళ చేత చూపించింది, మెట్లెక్కించి దింపించింది. నెల తరవాత బోర్డు ఆయన్ని ఫిట్ అన్నది. ఆయన కొత్తగా రంగేసిన పెట్టె మోసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు.

నాకు చార్జిషీటు రాలేదు. ఆవిడ హీటరు మాత్రం జప్తు చేసింది. కొన్నాళ్ళకి ఆవిడ గది ముందు నుంచి వెళ్తుంటే కమ్మటి కాఫీ వాసన వచ్చింది. లోపల సిస్టరమ్మ నవ్వు వినిపించింది. నేను ఏమీ వాసన రానట్టే నడిచాను.

దాదా దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన, ఠీక్ హై, ఠీక్ హై అంటూ నాకు కుర్చీ చూపించాడు. క్యాంటీను నుంచి టీ తెప్పించబోయి ఆగి, మీరేం తాగుతారు దాదా అని అడిగాను. పాలు పడవట ఆయనకి. పంచదార లేని నల్ల టీ ఒక్కటే తాగుతాడట. అలా అడిగి పోసిన మొదటి టీ అది.

ఆ తరవాత నా గదిలో ఆచారం మారింది. గ్లాసు స్థానంలో ఒక ప్రశ్న వచ్చింది. ఏం తిన్నారు, ఏం తాగారు, ఎప్పుడు? అడగడం మొదలుపెట్టాక తెలిసింది, మనుషుల గుండెలు ఎన్ని రకాలో. ఒక గార్డుకి కాఫీ ఎంత తాగినా ఏమీ కాదు, మంచులాంటి లస్సీ గబగబా తాగితే మాత్రం దడ. ఒక గుమస్తాకి పండగ రోజున మందు ఎక్కువైతే మర్నాడంతా దడ. స్కూలు పంతులమ్మ ఒకావిడకి బజార్లో కొత్తగా వచ్చిన చౌమీన్ నూడుల్స్ తిన్న సాయంత్రాలు. ఇంకొకాయనకి ఏదైనా సరే, పీకలదాకా తింటే. నాలుగు రోజులు ఏం తిన్నదీ రాసుకోమని డాక్టరమ్మ అందరికీ చెప్పేది. ఒకరికి పడనిది ఇంకొకరికి అమృతం అనేది. నేను ఇప్పటికీ రోజుకి మూడుసార్లు అల్లం టీ తాగుతాను, నా గుండె గాడిదలా మోస్తూనే ఉంది.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. వర్క్‌షాపు మేస్త్రీ ఒకాయన తన దడకి ఆవకాయే కారణమని తనే తేల్చుకుని, అది మానేసి ఇంట్లో కూర్చున్నాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్న మాట దాచాడు. సిస్టరమ్మ గదమాయించి లాక్కొచ్చి నా మంచం మీద పడుకోబెట్టింది. ఆయనది నిజంగానే గుండె జబ్బు. వేళకి దొరికింది. కనుక దడ వస్తే నా కథ తలుచుకుని టీ గ్లాసుని తిట్టి ఊరుకోకండి, ముందు డాక్టరుకి చూపించుకోండి. ఛాతీ నొప్పో, కళ్ళు తిరగడమో, ఆయాసమో తోడైతే ఒక్క గంట కూడా ఆగకండి.

నన్ను ఇప్పటికీ వదలనిది వేరే ఉంది. ఆ డ్రైవరుకి ముందు ఎన్నో ఏళ్ళు నేను టీ పోశాను. వాళ్ళలో కాదనలేక తాగినవాళ్ళు ఎందరు? ఇంజను దిగిపోయి ఏ ఆఫీసు వరండాలోనో స్టూలు మీద కూర్చున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఒకరోజు ధైర్యం చేసి డాక్టరమ్మని అడిగాను. ఒక్క కాగితం చూసి ఎవరినీ తాను దింపలేదని ఆవిడ గట్టిగా చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ ఆవిడకి ముందు వేరే డాక్టర్లు ఉండేవారు. కలలో మంచం మీద ముఖం కనిపించని మనిషి ఎవరో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. దీన్ని నేను మోస్తున్నాను.

తొంభైలు సగం దాటాక నేను రిటైరయ్యాను. ఆఖరి రోజు మధ్యాహ్నం, దండలూ ఉపన్యాసాలూ అయిపోయాక, గది తాళం అప్పగించేముందు ఒక్కణ్ణీ కాసేపు మంచం అంచున కూర్చున్నాను. అవే తెరలు, అదే పచ్చటి మసక. తలుపు దగ్గర చప్పుడైతే చూశాను. డ్రైవరు. అప్పటికి ప్యాసింజరు బళ్ళు నడుపుతున్నాడు. జుట్టు నెరిసింది, డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టున్నాడు, చేతిలో స్టీలు క్యాను. నా పక్కన కూర్చుని సువర్ణరేఖ మీద ఆ పొద్దున్న మంచు ఎంత దట్టంగా ఉందో చెప్పాడు. తరవాత క్యాను మూత విప్పి, మూతలోకి అంబలి వంచాడు. పుల్లటి వాసన గదంతా పరుచుకుంది. మూత నా వైపు చాపబోయి, సగంలో ఆపాడు.

“మీకు పడతాదా బాబూ?” అన్నాడు.

ఆ గదిలో నేను అన్నేళ్ళు కూర్చున్నాను. ఎన్ని వందల గ్లాసులు పోశానో లెక్క లేదు. అంతమంది చేతుల్లో పెట్టేటప్పుడు నా నోటికి రాని మాట అది.

చిన్నప్పుడు మా అమ్మ బలవంతాన తాగించినప్పటి నుంచీ నాకు అంబలి పడదు. ఆ ముక్కే చెప్పాను. “పడదయ్యా.”

ఆయన మనసు కష్టపెట్టుకోలేదు. తల ఊపి, మూత తన వైపు తిప్పుకుని, తీరిగ్గా తాగసాగాడు. ఆయన తాగడం అయ్యేదాకా నేను పక్కన కూర్చున్నాను.